అడ్డతీగల నుంచి పాడేరు దాకా

ఈ మధ్య ఏ పేరంటానికి వెళ్ళినా మారేడుమిల్లి కబుర్లే. శనివారం తెల్లవారుతూనే కారులో బయల్దేరడం, వాగు దగ్గర ఫొటోలు దిగడం, బొంగులో కాల్చిన కోడికూర తినడం, ఆదివారం దీపాల వేళకి ఇల్లు చేరడం. ఇక అరకు సంగతి చెప్పనే అక్కర్లేదు. కొండలు చూడడానికని రైలుపెట్టెకి అద్దాల కప్పు కూడా వేశారు. నేను కాదనను. ఏడాదికొక రోజు వంటిల్లు విడిచి చెట్టు నీడన కూర్చుంటే ఒంటికీ మంచిదే, మనసుకీ మంచిదే. కాని సోదరీమణులారా, ఆ కొండల్ని అద్దంలోంచి చూడడం వేరు, వాటిని బస్సులో దాటడం వేరు. ఇవాళ మీతో చెప్పబోయేది ఆ రెండోదాన్ని గురించి.

పై దేశాల వాళ్ళకి ఇలాంటి ప్రయాణమంటే సరదా. వీపున సంచీ తగిలించుకుని, చేతిలో పటం పట్టుకుని, నేపాలు కొండల్లోనో దక్షిణ అమెరికా కొండల్లోనో ఎక్కడ బస్సు దొరికితే అక్కడ ఎక్కేస్తారు. 1957లో లండన్ నుంచి కలకత్తాకే ఒక బస్సు నడిపారంటే నమ్ముతారా! ఆ తరవాత పదీ ఇరవై ఏళ్ళపాటు ఎంతోమంది కుర్రకారు టర్కీ, ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ మీదుగా ఆ దారిలోనే మన దేశానికి వచ్చారు. దుమ్మూ ధూళీ, ఆకలీ నిద్రా అన్నీ కథలుగా ఇంటికి పట్టుకెళ్ళి చెప్పుకునేవారు. వాళ్ళని తప్పు పట్టను. కష్టాన్ని కోరి తెచ్చుకునే స్తోమతు వాళ్ళకుంది. అదే కష్టం వారం వారం పడుతూ, దాన్ని ప్రయాణమని కూడా అనుకోని ఆడవాళ్ళు మనకి నూరు కిలోమీటర్ల దూరంలో వున్నారు. వాళ్ళ పక్కన ఒక పగలంతా కూర్చునే పని నాకు పడింది.

మా పెద్ద ఆడపడుచు అడ్డతీగలలో ఆశ్రమ పాఠశాల పిల్లలకి చదువు చెప్పి పదవీ విరమణ చేసింది. ఆవిడకి రావలసిన డబ్బు తాలూకు ఒక కాగితం మీద సంతకం కావాలి. ఆ సంతకం పాడేరులో వుంది. పాడేరు ఎందుకంటారా? 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు అంతవరకూ తూర్పు గోదావరిలో వున్న అడ్డతీగల, రాజవొమ్మంగి, రంపచోడవరం ప్రాంతాలన్నీ అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. జిల్లా కచేరీలు పాడేరులో పెట్టారు. కాకినాడకి పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే మనుషులు, మధ్యలో ఒక కొండల వరసని దాటి పోవలసి వచ్చింది. కొండవాళ్ళందరికీ కలిపి ఒక జిల్లా కావాలన్న ఆలోచన మంచిదే. కాని జిల్లా ఒకటైతే దారి దగ్గరవుతుందా? రంపచోడవరంలోనే కేంద్రం పెట్టమని అక్కడివాళ్ళు అడుగుతూ వచ్చారు. 2025 ఆఖరులో అదే కేంద్రంగా పోలవరం జిల్లా ఏర్పాటైంది. నేను చెబుతున్నది అంతకు ముందు, 2023 జనవరి సంగతి.

“కారు మాట్లాడనా?” అన్నారు మావారు. “ముప్పై ఏళ్ళు ఈ కొండల్లో బస్సెక్కాను, ఇప్పుడు కారెక్కితే నా పిల్లలు నవ్వుతారు” అంది వదినగారు. ఆవిడ పిల్లలంటే బళ్ళో చదివిన పిల్లలు. ఆ ఊళ్ళో సగంమంది వాళ్ళే. ఆవిడ ఒక్కర్తీ వెళ్ళడం ఇష్టంలేక నేను తోడు వెళ్ళాను.

అడ్డతీగల పేరులోనే తీగ వుంది. మన పెళ్ళిళ్ళలో విస్తళ్ళు కుట్టే అడ్డాకులు ఆ తీగవే. చెట్ల మీదికి ఎగబాకి, కాడ లావెక్కి, అడవిని పెనవేసుకుపోయే తీగ. ఆకు చూడడానికి నడుమ చీలిన అరచెయ్యిలా వుంటుంది. దాన్ని కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి సంతకి తెచ్చేది ఎక్కువగా ఆడవాళ్ళే. చింతపండూ, కొండచీపుర్లూ, తేనే కొనడానికి 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ వుంది. దాని పేరు మీరు సబ్బు మీదో తేనెసీసా మీదో చూసే వుంటారు. మేమెక్కిన బస్సులో మాకు ముందే ఎక్కి కూర్చున్నవి ఆ అడ్డాకుల కట్టలు. వాటి పక్కన చీపుర్ల మోపులు, ఒక బుట్టలో రెండు కోళ్ళు, గోనెసంచీలో కందికాయలు. మనుషులు తరవాత సర్దుకున్నారు. చీకటితోనే బయల్దేరింది బస్సు.

ఎక్కడ కూర్చోవాలన్నది కొండదారిలో పెద్ద విషయమమ్మా. “వెనక్కి పోవద్దే” అని వదినగారు నన్ను చెయ్యిపట్టి ముందుకి లాగింది. దానికి కారణముంది. బస్సు వెనకభాగం వెనక చక్రాలకి బయట వేలాడుతూ వుంటుంది. చక్రం గుంటలో పడి లేస్తే ముందువాళ్ళకి జానెడు ఎగిరేది వెనకవాళ్ళకి మూరెడవుతుంది. మలుపు తిరిగేటప్పుడు ఆ తోక విసిరినట్టు వూగుతుంది. నడిమికి కాస్త ముందు, కిటికీ పక్కన, దారి కనిపించే చోట కూర్చుంటే సగం బాధ తప్పుతుంది.

మిగతా సగం వాంతులు. మనలో చాలామందికి ఘాటురోడ్డు అనగానే కడుపులో తిప్పుతుంది. చెవి లోపల మన ఒంటి కదలికని కనిపెట్టే చిన్న యంత్రం వుంది. అది “కదులుతున్నాం, తిరుగుతున్నాం” అంటుంది. కళ్ళేమో ముందు సీటు వీపునే చూస్తూ “కదలడం లేదు” అంటాయి. ఈ తగాదా తేలక కడుపు తిరగబడుతుంది. అందుకే పుస్తకం గాని, చేతిలో ఫోను గాని చూడకండి. దూరంగా కనిపించే కొండ అంచు మీద చూపు నిలపండి. డ్రైవరుకి వాంతి రాకపోవడానికి కారణం కూడా ఇదే. మలుపు రాబోతోందని అతని కళ్ళకి ముందే తెలుసు. రెండేళ్ళు దాటిన పిల్లలకీ, మగవాళ్ళకంటే ఆడవాళ్ళకీ, అందులోనూ నెల తప్పిన వాళ్ళకీ ఇది ఎక్కువ. ఖాళీకడుపుతో ఎక్కకూడదు, పూరీలూ బజ్జీలూ తిని ఎక్కకూడదు. రెండు ఇడ్లీలో, కాస్త మజ్జిగన్నమో చాలు. నిమ్మకాయ, ఉప్పులో వూరిన అల్లం ముక్క దగ్గరుంచుకోండి. మాత్రలున్నాయి, కాని అవి కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే దండగ. బయల్దేరడానికి ముందే వేసుకోవాలి. మత్తుగా నిద్ర పట్టిస్తాయి గనక పసిపిల్లలకీ గర్భిణులకీ డాక్టరుని అడక్కుండా ఇవ్వకండి.

ఇదంతా మనకి. రాజవొమ్మంగిలో ఎక్కిన ఒక తల్లి ఈ సలహాలన్నిటికీ సరిగ్గా ఎదురు.

ముప్పై ఏళ్ళుంటాయేమో. చీరచెంగు గట్టిగా బిగించి, ఎనిమిదేళ్ళ పిల్లవాణ్ణి గుడ్డతో వీపున కట్టుకుని ఎక్కింది. వాడి ఎడంకాలు సన్నంగా, పుల్లలా వేలాడుతోంది. వదినగారు జరిగి చోటిచ్చింది. “ఏమైనా తిన్నావా అమ్మా?” అంటే “నిన్న పొద్దుగూకినకాణ్ణుంచి ఏం తినలేదమ్మా, తింటే బస్సులో కక్కుతాను గదా” అంది. రోడ్డుకి దూరంగా వున్న పల్లె. రెండుగంటలు కొండ దిగి నడిచి వచ్చిందట, వీపున వాణ్ణి మోస్తూ, చీకట్లో. కాలు పనిచెయ్యదని రాసిచ్చే కాగితం వుంటే పిల్లవాడికి నెలనెలా పింఛను వస్తుంది. ఆ కాగితం కోసం ఇది మూడోసారి వెళ్ళడం.

తినకపోయినా ఆమెకి వాంతులు ఆగలేదు. పైరు పచ్చగా వున్న చదునుదారిలోనే మొదలయ్యాయి. వట్టి నీళ్ళు. కిటికీలోంచి తల బయట పెట్టబోతే కండక్టరు “తల లోపల పెట్టమ్మా, చెట్టుకొమ్మలు కొడతాయి” అని తనే ఒక సంచి తెచ్చి ఇచ్చాడు. మంచివాడు. ఘాటులో తలా చెయ్యీ బయటపెట్టడం మహా ప్రమాదం, ఈ మాట మీ పిల్లలకి కూడా చెప్పండి. నిమ్మకాయ కోసి వదినగారు ఆమె ముక్కు దగ్గర పట్టుకుంది. పిల్లవాడికి మాత్రం ఏమీ లేదు. బస్సు ఆగిన ప్రతిచోటా “ఇదేనా పాడేరు?” అంటాడు. కాదంటే మళ్ళీ కిటికీ. వాడికి బస్సంటే పండగ.

కృష్ణదేవిపేట దగ్గర వదినగారు పాఠం మొదలుపెట్టింది. పంతులమ్మ కదా. అల్లూరి సీతారామరాజు సమాధి అక్కడ వుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసుస్టేషన్ల మీద ఆయన, ఆయన వెంట వున్న కొండవాళ్ళూ దాడి చేశారు. రాజవొమ్మంగిలో బంధించి వుంచిన మొట్టడం వీరయ్యదొరని విడిపించారు. అక్టోబరు నడిమికి అడ్డతీగల దాకా వచ్చారు. మేము ఆ దారిలోనే ఎదురు వెళుతున్నాం. వాళ్ళు నడిచి మూడురోజుల్లో చుట్టిన మూడు ఊళ్ళు మనకి బస్సులో ఒక పూట. అయినా నడుములు విరిగాయని మనమే అంటాం!

“ఆ తిరుగుబాటు ఎందుకొచ్చిందో తెలుసా?” అని వెనకసీట్లో కుర్రాణ్ణి అడిగింది ఆవిడ. పోడు కొట్టకూడదన్నారని వాడు చెప్పాడు. నిజమే, 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక కొండవాడు తాత నాటి నేలలోనే దొంగయ్యాడు. కాని రెండో కారణం ఈ రోడ్డే. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు కొండమీదికి రోడ్డు వేసేటప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ అనేవాడు కొండవాళ్ళని బలవంతంగా పనిలోకి దింపి, కూలి సరిగా ఇవ్వకుండా రాళ్ళు కొట్టించాడు. గాం గంటందొర, మల్లుదొర అన్నదమ్ములు రాజు పక్కన నిలబడ్డారంటే వాళ్ళ కడుపుమంట అలాంటిది. 1924 మే 7న రాజుని కాల్చి చంపారు. మల్లుదొర బతికి బయటపడి, స్వాతంత్ర్యం వచ్చాక 1952లో పార్లమెంటుకి ఎన్నికయ్యాడు. ఇంతా విని మా పక్కనున్న తల్లి “మా తాత కూడా రాళ్ళు మోసాడంటారమ్మా” అంది. ఆ మాట ఒక్కటీ అని మళ్ళీ సంచిలోకి వంగింది.

నర్సీపట్నంలో బస్సు మారాలి. అక్కడ మేం ఇడ్లీ తిన్నాం. ఆ తల్లి పిల్లవాడికి తినిపించి, తను టీ నీళ్ళు మాత్రం తాగింది. ఇక అక్కణ్ణుంచి అసలు ఎక్కుడు.

ఘాటులో డ్రైవరు చేసే పనిని మనం ఎప్పుడూ గమనించం. ఎక్కే బండికి దిగే బండి ఆగి దారివ్వాలన్నది అక్కడి నియమం. ఎందుకంటే ఎక్కేది ఒకసారి ఆగితే బరువుతో మళ్ళీ కదలడం కష్టం. దిగేటప్పుడు కూడా ఎక్కడానికి వేసిన గేరులాంటి చిన్న గేరులోనే దిగాలి. పూర్తిగా బ్రేకు మీదే దిగితే అది కాలి పట్టు వదిలేస్తుంది. మలుపు మలుపుకీ హారన్ కొడుతుంటే మనకి చెవులు పగులుతాయి గాని, ఆ మోతే మన ప్రాణం. అలా నెమ్మదిగా పోతున్నాడని డ్రైవర్ని తిట్టే ప్రయాణికులుంటారు చూశారూ, వాళ్ళని దింపి నడిపించాలనిపిస్తుంది నాకు.

లంబసింగి కింద ఒక మలుపులో మా బస్సు టైరు పోయింది. పెద్ద చప్పుడు. కోళ్ళు అరిచాయి, మనుషులు దేవుళ్ళని తలుచుకున్నారు. డ్రైవరు కొండవైపుకి తెచ్చి ఆపాడు, లోయవైపు కాదు. చక్రం కింద రాళ్ళు పెట్టి అందరినీ దింపారు. పక్కనే రెండు కార్లలో ఎవరో యాత్రికులు ఆగి మంచులో ఫొటోలు తీసుకుంటున్నారు. ఆంధ్రా కాశ్మీరమని పేరు కదా, శీతాకాలంలో జనం అక్కడికి ఎగబడతారు. మిట్టమధ్యాహ్నమైనా ఎండలో చురుకు లేదు. వాళ్ళకి అది విహారం. మాకు గంటంపావు ఆలస్యం. ఆ తల్లికి?

ఆమె ఎవర్నీ ఏమీ అడగలేదు. పొద్దు వంక చూసింది, అంతే. నాలుగు దాటితే కిటికీ మూసేస్తారని వదినగారికి చెప్పింది. డ్రైవరూ కండక్టరూ జాకీ ఎత్తుతుంటే బస్సులోని నలుగురు మగవాళ్ళు చెయ్యివేశారు. కార్లవాళ్ళలో ఒకాయన తమ కారులో చింతపల్లి దాకా దింపుతానని వదినగారితో అన్నాడు. “నన్నెందుకు బాబూ, ఈమెని తీసుకెళ్ళండి” అంది ఆవిడ. ఆయన ఒప్పుకున్నాడు. ఆ తల్లే ఒప్పుకోలేదు. “కారులో కక్కితే తిడతారమ్మా” అని నెమ్మదిగా అంది. ఎంత బతిమాలినా రాలేదు. నేను ఆ మాటని చాలా రోజులు మరవలేకపోయాను.

చింతపల్లి దాటాక దారి చల్లగా, అందంగా వుంటుంది. పొడుగాటి చెట్ల నీడన కాఫీ తోటలు, చెట్లని చుట్టుకున్న మిరియాల తీగలు. వలిసెపూల పసుపు అప్పటికే రాలిపోయింది. దారి మధ్యలో ఎక్కడో ఇద్దరు మనుషులు కర్రకి గుడ్డ వేలాడదీసి, అందులో ఒక ఆడమనిషిని కూర్చోబెట్టి రోడ్డు వైపు మోసుకొస్తున్నారు. డోలీ. నిండుచూలాలు. వెనకనే ఒక ముసలావిడ బట్టలమూట పట్టుకుని పరుగులాంటి నడక. 2005లో 108 అంబులెన్సు వచ్చాక రోడ్డు దాకా వస్తే గండం గట్టెక్కినట్టే. రోడ్డు దాకా రావడమే కష్టం. అందుకే ఏజెన్సీలో కొన్నిచోట్ల కాన్పుకి ముందే వచ్చి వుండడానికి గర్భిణుల వసతి గృహాలు పెట్టారు. మనకి పుట్టింటికి వెళ్ళడమెలాగో వాళ్ళకి అదలా. కాని ఇంట్లో మిగతా పిల్లల్నీ మేకల్నీ ఎవరు చూస్తారని చాలామంది ఆఖరు రోజు దాకా బయల్దేరరని వదినగారు చెప్పింది. మనలో మాత్రం ఇల్లు ఎవరు చూస్తారని నొప్పిని దాచుకోనివాళ్ళు ఎంతమంది?

పాడేరు చేరేసరికి అయిదింటికి పదినిముషాలు తక్కువ. “ఇదేనా పాడేరు?” అన్నాడు పిల్లవాడు. “ఇదే” అంటే చప్పట్లు కొట్టాడు.

కిటికీ మూసే వుంది. మా కచేరీ కూడా మూసేశారు. మాకు వదినగారి పాత విద్యార్థి ఒకతను గది చూసిపెట్టాడు. ఆ తల్లిని రమ్మన్నాం. రెండుసార్లు వచ్చినప్పుడూ బస్టాండులోనే పడుకున్నాననీ, తమ వైపు వాళ్ళు ఇంకా నలుగురు అక్కడ వున్నారనీ చెప్పి వెళ్ళిపోయింది. పాడేరు చలి మీరు చూడలేదు. వదినగారు తన శాలువ పిల్లవాడికి కప్పి వచ్చింది.

మర్నాడు పదకొండింటికల్లా మా సంతకం అయింది. అంత తేలికగా అయిందని నాకే ఆశ్చర్యం. వెనక్కి వచ్చే బస్సు కోసం బస్టాండుకి వస్తే ఆమె అరుగు మీద కూర్చుని వుంది. పిల్లవాడు శాలువ నెత్తిన వేసుకుని బస్సులు లెక్కపెడుతున్నాడు. పని అయిందా అని అడిగాం. డాక్టరు చూశాడట, కాలు కొలిచాడట, మంచిగా మాట్లాడాడట. కాగితం కూడా సిద్ధమేనట. కాని దాని మీద పిల్లవాడి పేరు ఒకలాగ, ఆధార్ కార్డు మీద ఇంకోలాగ వుందట. దిద్ది ఇస్తాం, రేపు రమ్మన్నారట.

వదినగారు ఏమీ అనలేదు. సంచీలోంచి నోటుబుక్కు తీసి, కార్డు అడిగి చూసి, నల్లబల్ల మీద రాసినట్టు పెద్దపెద్ద అక్షరాలతో ఆ పిల్లవాడి పేరు తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాసింది. ఒక్కొక్క అక్షరం మీద వేలుపెట్టి ఆమెకి చూపించింది. “రేపు వాళ్ళు కాగితం ఇవ్వగానే తీసుకుని వచ్చెయ్యకు. ఇదీ అదీ పక్కపక్కన పెట్టి చూడు. ఈ గుండ్రం ఇక్కడ వుందా, ఈ కొమ్ము ఇక్కడ వుందా, చూడు. లేకపోతే అక్కడే నిలబడు” అంది. ఆమె తన వేలితో మూడుసార్లు దిద్దుకుంది. నాలుగోసారి పిల్లవాడు దిద్దాడు.

మా బస్సు హారన్ కొట్టింది. ఆ నోటుబుక్కు కాగితం మడిచి ఆమె రవికెలో పెట్టుకోవడం కిటికీలోంచి చూశాం. “వెనక సీటు తప్ప ఖాళీ లేదే” అంది వదినగారు. సరే, వెనకనే కూర్చున్నాం.